పదవీ విరమణ నిధికి వాటాలు ఎన్ని పాళ్లు? ఎంపిక కన్నా సమతూకమే ప్రధానం

ముంబయి: 2020 మార్చి 23న బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి సూచీ సెన్సెక్స్ ఒక్క రోజులోనే 3,935 పాయింట్లు పతనమై 25,981 వద్ద ముగిసింది. అదే ఏడాది జనవరిలో ఈ సూచీ 42,000 దరిదాపుల్లో ఉండేది. కరోనా భయంతో దేశమంతా తలుపులు మూసుకుంటున్న ఆ రోజుల్లోనే, నెలాఖరున పదవీ విరమణ చేయవలసిన ఉద్యోగులు ఎందరో ఉన్నారు. మార్చి 31న సెన్సెక్స్ 29,468 వద్ద నిలిచింది. తన పొదుపంతా ఆ సూచీలోని వాటాల్లోనే ఉంచి, వీడ్కోలు సభ కూడా లేకుండా ఆ రోజు ఉద్యోగానికి స్వస్తి చెప్పిన వ్యక్తి, రెండున్నర నెలల కిందట తనకున్న సొమ్ములో నూటికి ముప్ఫై వంతులు పోగొట్టుకున్నట్లు లెక్క.

నాలుగున్నరేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరు 26న అదే సూచీ 85,836 వద్ద ముగిసి రికార్డు సృష్టించింది. ఆ నెలాఖరున పదవీ విరమణ చేసిన వ్యక్తి, అంతే జీతంతో అన్నే ఏళ్లు పనిచేసి అదే తీరున పొదుపు చేసినప్పటికీ, ఎంతో పెద్ద మొత్తంతో ఇంటికి చేరాడు. ఇద్దరి మధ్య తేడా తెలివితేటల్లో గాని, పొదుపరితనంలో గాని లేదు. ఉన్న తేడా అల్లా పుట్టిన తేదీలోనే.

పుట్టిన తేదీని ఎవరూ మార్చుకోలేరు. మార్కెట్ ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు విరుగుతుందో ముందుగా చెప్పగలవారూ లేరు. మదుపుదారుని చేతిలో ఉన్నది తన నిధిలో వాటాలు ఎన్ని పాళ్లు, వడ్డీ తెచ్చే పత్రాలు ఎన్ని పాళ్లు ఉండాలో నిర్ణయించుకోవడం, ఆ నిర్ణయానికి కట్టుబడి ఉండడం మాత్రమే. ఏ కంపెనీ వాటా కొనాలన్న ప్రశ్న చుట్టూ సాగే చర్చలో ఈ సంగతి మరుగున పడుతున్నది.

మారిన బాధ్యత

ఒక తరం కిందటి ప్రభుత్వోద్యోగికి ఈ చింత ఉండేది కాదు. చివరి జీతంలో సగం పింఛనుగా, దానిపై కరవు భత్యం జీవితాంతం వచ్చేవి. 2004 జనవరి 1 నుంచి సాయుధ దళాలు మినహా కేంద్ర ప్రభుత్వ సర్వీసుల్లో కొత్తగా చేరినవారికి ఆ పద్ధతి స్థానంలో జాతీయ పింఛను విధానం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన ఉద్యోగులకు కంట్రిబ్యూటరీ పింఛను పథకం అమలైంది. 2009 మే 1 నుంచి జాతీయ పింఛను విధానంలో చేరే అవకాశాన్ని పౌరులందరికీ కల్పించారు. ఉద్యోగుల ఆందోళన ఫలితంగా కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి హామీతో కూడిన ఏకీకృత పింఛను పథకాన్ని తన ఉద్యోగుల ముందుంచింది. అయితే అది ప్రభుత్వోద్యోగులకే పరిమితం.

ప్రైవేటు రంగంలోని వారి పరిస్థితి మరింత క్లిష్టమైనది. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద పింఛనుకు లెక్కించే జీతాన్ని, సర్వీసు సంవత్సరాలను హెచ్చవేసి 70తో భాగిస్తారు. 2014 సెప్టెంబరులో నిర్ణయించిన రూ. 15,000 జీత పరిమితి ప్రకారం, 35 ఏళ్లు పనిచేసిన వ్యక్తికి కూడా ఈ లెక్కన నెలకు రూ. 7,500 మాత్రమే వస్తుంది. చిన్న వ్యాపారులు, వకీళ్లు, వైద్యులు, రోజువారీ ఆదాయంపై బతికే లక్షలాది మందికి అదీ లేదు. వీరందరూ తమ వార్ధక్యానికి తామే నిధి కూడబెట్టుకోవాలి, తామే దాన్ని పెట్టుబడిగా పెట్టుకోవాలి. ఇదివరలో ప్రభుత్వాలు, యాజమాన్యాలు మోసిన బరువు ఇప్పుడు వ్యక్తి భుజాలపై పడింది.

వాటాలు అసలెందుకు?

రిస్కు ఉన్నప్పుడు వాటాల జోలికి పోవడం ఎందుకని అడిగేవారు అనేకులు. ఒకప్పుడు ఈ ప్రశ్నలో న్యాయం ఉండేది. 1990 దశకమంతా ప్రావిడెంట్ ఫండుపై 12 శాతం వడ్డీ లభించింది. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండుపైనా అంతే. 2024-25 సంవత్సరానికి ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండు వడ్డీ 8.25 శాతం. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు వడ్డీ 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి తగ్గింది.

వడ్డీ తగ్గినా ధరల పెరుగుదల ఆగదు. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరుగుతాయనుకుంటే, 60వ ఏట నెలకు రూ. 30,000తో గడిచే సంసారానికి 72వ ఏట రూ. 60,000 కావాలి. 84వ ఏట రూ. 1,20,000 పైచిలుకు కావాలి. బ్యాంకు డిపాజిట్‌పై 7 శాతం వడ్డీ వస్తే అందులో 6 శాతం ధరలే హరిస్తాయి. మిగిలిన దానిలో ఆదాయపు పన్ను శాఖ వంతు కూడా ఉంటుంది. డిపాజిట్‌లో సొమ్ము అంకెల్లో చెక్కుచెదరదు గాని, దానితో కొనగలిగే బియ్యం, మందులు ఏటికేడు తగ్గిపోతాయి.

దీర్ఘకాలంలో ధరల పెరుగుదలను మించే అవకాశం వాటాలకు ఉంది. 1978-79 సంవత్సరాన్ని 100గా తీసుకుని లెక్కించే సెన్సెక్స్ 1990 జూలైలో మొదటిసారి 1,000 దాటింది. 2024లో 85,000 దాటింది. డివిడెండ్లు ఈ లెక్కలో చేరనే లేదు. అయితే ఈ ప్రయాణం తిన్నగా సాగలేదు. సెక్యూరిటీల కుంభకోణం బయటపడే ముందు 1992 ఏప్రిల్‌లో 4,467కు చేరిన సూచీ, ఆరున్నరేళ్ల తర్వాత 1998 చివరలో 3,000 దరిదాపుల్లోనే ఉంది. 2008 జనవరి 8న 20,873 వద్ద ముగిసిన సూచీ, 2009 మార్చి 9 నాటికి 8,160కి దిగజారింది. అంటే నూటికి 61 వంతులు హరించుకుపోయాయి. 2010 నవంబరులో ఒకసారి 21,000ను తాకినా, ఆ స్థాయిని నిలకడగా దాటడానికి 2013 చివరి నెలల వరకు వేచి చూడవలసి వచ్చింది.

జపాన్ ఉదాహరణ ఇంకా కఠోరమైనది. 1989 డిసెంబరు చివరి వారంలో 38,915 వద్ద ముగిసిన టోకియో నిక్కీ సూచీ, తిరిగి ఆ స్థాయిని దాటింది 2024 ఫిబ్రవరిలో. మధ్యలో 34 ఏళ్లు గడిచిపోయాయి. దీర్ఘకాలం ఉంచితే వాటాల్లో నష్టమే రాదన్న మాటకు హద్దులు ఉన్నాయని జపాన్ మదుపుదారులు అనుభవపూర్వకంగా తెలుసుకున్నారు.

కాబట్టి వాటాలు లేకపోతే ధరల పెరుగుదల నిధిని హరిస్తుంది. వాటాలే ఉంటే ఒక్క పతనం నిధిని చిన్నాభిన్నం చేస్తుంది. ఈ రెంటి మధ్య దారి వెతకడమే పదవీ విరమణ మదుపులోని అసలు సమస్య.

పాళ్ల నిర్ణయం

వేర్వేరు స్వభావాలున్న పెట్టుబడులను కలిపి ఉంచితే రాబడి అంతగా తగ్గకుండానే ఒడుదొడుకులు తగ్గుతాయని అమెరికన్ ఆర్థికవేత్త హ్యారీ మార్కోవిట్జ్ 1952లో గణిత రీత్యా నిరూపించారు. ఆ కృషికి 1990లో ఆయన మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందారు. విశేషమేమిటంటే, తన సొంత పదవీ విరమణ నిధిని ఆయన ఆ క్లిష్టమైన సూత్రాల ప్రకారం కాక, సగం వాటాల్లో, సగం రుణపత్రాల్లో పెట్టారు. మార్కెట్ పెరిగినప్పుడు తాను అందులో లేనని, పడినప్పుడు అంతా పోయిందని బాధపడకుండా ఉండడమే తన ఉద్దేశమని ఆయన తర్వాత వివరించారు. మనిషి తట్టుకోగలిగిన పాళ్లే సరైన పాళ్లన్నది ఇందులోని సారాంశం.

ఈ సూత్రం మన రైతులకు కొత్తది కాదు. అనంతపురం జిల్లా మెట్ట భూముల్లో వేరుశనగ మధ్య కంది సాళ్లు వేసే రైతు, ఏ పంట ఎంత పండుతుందో తెలిసి ఆ పని చేయడు. వేరుశనగ ఎండిపోయిన ఏడు, ఆలస్యంగా వచ్చే వానకు కందయినా చేతికి వస్తుందన్నది అతని ధీమా. మంచి ఏడాదిలో ఆ సాళ్లలో కూడా వేరుశనగే వేసి ఉంటే లాభం పెరిగేదని అతనికీ తెలుసు. ఆ కొద్దిపాటి లాభాన్ని అతను ఇల్లు గడవడం కోసం వదులుకుంటున్నాడు.

పాళ్ల నిర్ణయానికి ఒక మోటు లెక్క చాలాకాలంగా వాడుకలో ఉంది. 100 నుంచి వయస్సును తీసివేయగా మిగిలిన శాతం వాటాల్లో ఉంచాలన్నది ఆ లెక్క. దీని ప్రకారం 40 ఏళ్ల వ్యక్తి 60 శాతం, 60 ఏళ్ల వ్యక్తి 40 శాతం వాటాల్లో ఉంచవచ్చు. జాతీయ పింఛను విధానంలో చందాదారు వయస్సును బట్టి పాళ్లను దానంతట అదే మార్చే పథకాలు ఉన్నాయి. వాటిలో మధ్యస్థమైన ఎల్‌సీ-50 పథకంలో 35 ఏళ్ల వరకు సగం సొమ్ము వాటాల్లో ఉంటుంది. ఆ తర్వాత ఏటా 2 శాతం చొప్పున తగ్గుతూ 55వ ఏటికి 10 శాతానికి చేరుతుంది.

అయితే వయస్సు ఒక్కటే కొలమానం కారాదు. ప్రభుత్వ పింఛను వచ్చే దంపతులకు నెల ఖర్చులు దానితోనే గడిచిపోతే, వారు తమ అదనపు పొదుపులో ఎక్కువ భాగం వాటాల్లో ఉంచగలరు. ఏ పింఛనూ లేని వ్యక్తికి అదే వయస్సులో అంత రిస్కు తగదు. కుమార్తె వివాహం, ఇంటి రుణం వంటి బాధ్యతలు ఇంకా మిగిలి ఉన్నాయా, కుటుంబంలో దీర్ఘ వ్యాధులు ఉన్నాయా అన్నవి కూడా లెక్కలోకి రావాలి. సొంత ఇంటిని, ఇంట్లోని నగలను నిధిలో కలిపి చూపించుకోవడం మన మధ్యతరగతికి పరిపాటి. ఉంటున్న ఇంట్లో ఒక గదిని అమ్మి ఆ నెల మందులు కొనలేమన్నది గుర్తుంచుకోవాలి.

పాళ్లు నిర్ణయించుకునే ముందు ప్రతి వ్యక్తీ తనను తాను ఒక ప్రశ్న వేసుకోవడం మంచిది. నిధిలోని వాటాల విలువ ఏడాదిలో సగానికి పడిపోతే అమ్మకుండా నిద్రపోగలనా? రూ. 40 లక్షల నిధిలో 60 శాతం వాటాలుంటే అలాంటి ఏడాదిలో పోయేది రూ. 12 లక్షలు. 30 శాతమే ఉంటే రూ. 6 లక్షలు. శాతాల్లో ధైర్యంగా కనిపించే మనిషి, రూపాయల్లో చూసినప్పుడు జంకడం సహజం. ఆ జంకు మార్కెట్ పడిన రోజున గాక, పాళ్లు నిర్ణయించుకునే రోజునే కలగడం మేలు.

కంపెనీల ఎంపిక

వాటాల వంతు తేలిన తర్వాతే ఏ వాటాలన్న ప్రశ్న తలెత్తుతుంది. ఈ విషయంలో తెలుగువారికి మరపురాని పాఠం 2009 జనవరి 7. హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఛైర్మన్ బి. రామలింగరాజు, కంపెనీ ఖాతాల్లో వేల కోట్ల రూపాయల లేని నగదును ఉన్నట్లు చూపామని ఆ రోజు లేఖ ద్వారా అంగీకరించారు. ముందు రోజు రూ. 179 ఉన్న వాటా ఆ సాయంత్రానికి రూ. 40కి పడిపోయింది. అది ఊరూపేరూ లేని కంపెనీ కాదు. సెన్సెక్స్‌లోని 30 కంపెనీల్లో ఒకటి. అంతకు కొద్ది నెలల ముందే ఉత్తమ యాజమాన్య పద్ధతులకు అవార్డు కూడా అందుకుంది. పైకి మేలిమిగా కనిపించిన మేడిపండు లోపల ఎలా ఉందో ఆడిటర్లు కూడా బయటపెట్టలేకపోయారు.

అదే కంపెనీలో పనిచేస్తూ, అదే కంపెనీ వాటాల్లో పొదుపు చేసుకున్న ఉద్యోగుల పరిస్థితి మరీ దయనీయమైంది. జీతానికి, పొదుపుకు ఒకేసారి ముప్పు వచ్చిపడింది. 2001 డిసెంబరులో అమెరికాలో ఎన్‌రాన్ సంస్థ దివాలా తీసినప్పుడూ ఇదే జరిగింది. పదవీ విరమణ ఖాతాలను సొంత కంపెనీ వాటాలతో నింపుకున్న వేలాది ఉద్యోగులు ఉద్యోగంతోపాటు వాటినీ కోల్పోయారు. జీతం ఏ పరిశ్రమ నుంచి వస్తున్నదో, పొదుపులో పెద్ద భాగం ఆ పరిశ్రమలో ఉండరాదన్నది దీని నుంచి నేర్చుకోదగిన మొదటి నియమం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సాఫ్ట్‌వేర్ వాటాలనే కొనడం, బ్యాంకు ఉద్యోగి బ్యాంకు వాటాలనే పోగేయడం తెలిసిన రంగమన్న ధీమాతో చేసే పొరపాటు.

మోసం లేకపోయినా కాలం మారవచ్చు. 1986లో సెన్సెక్స్ ప్రారంభమైనప్పుడు అందులో ప్రీమియర్ ఆటోమొబైల్స్, హిందుస్థాన్ మోటార్స్, సింధియా షిప్పింగ్ వంటి కంపెనీలు ఉండేవి. పద్మినీ, అంబాసిడర్ కార్ల కోసం జనం ఏళ్ల తరబడి వేచి ఉన్న కాలమది. ఆ కంపెనీలు కాలక్రమంలో సూచీ నుంచి తొలగిపోయాయి. రిలయన్స్, ఐటీసీ, లార్సెన్ అండ్ టూబ్రో, హిందుస్థాన్ లీవర్ వంటివి నిలిచాయి. ఆనాడు పద్మినీ కారుకున్న గిరాకీని చూసినవారిలో ఎంతమంది దాని కనుమరుగును ఊహించి ఉంటారు? ముప్ఫై ఏళ్లకు ఉపయోగపడవలసిన నిధిని ఒకటి రెండు కంపెనీలకు అప్పగించడం ఎందుకు తగదో ఈ మార్పులే చెబుతాయి.

విడి వాటాలు కొనదలచినవారు కొన్ని కొలమానాలు పాటించడం అవసరం. కంపెనీ లాభాలు కాగితంపైనే ఉన్నాయా, నగదుగా చేతికి వస్తున్నాయా అన్నది నగదు ప్రవాహాల పట్టికలో తెలుస్తుంది. సొంత నిధులతో పోలిస్తే అప్పులు ఎంత ఉన్నాయో చూడాలి. ప్రమోటర్లు తమ వాటాలను తాకట్టు పెట్టారా అన్నది మరో ముఖ్య విషయం. సత్యం ఉదంతం తర్వాత ఈ వివరాలు వెల్లడించడాన్ని సెబీ 2009 జనవరిలోనే తప్పనిసరి చేసింది. మంచి కంపెనీ అయినంత మాత్రాన ఏ ధరకైనా కొనవచ్చని భావించరాదు. ఏటా వాటాకు రూ. 25 ఆర్జించే కంపెనీ రూ. 500కు దొరికితే ఆర్జనకు 20 రెట్లు చెల్లించినట్లు. అదే రూ. 2,000 చెల్లిస్తే 80 రెట్లు. కంపెనీ ఎంత గొప్పదైనా ఆ ధరను సమర్థించుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది.

సంఖ్య విషయానికి వస్తే, వేర్వేరు పరిశ్రమలకు చెందిన 15 నుంచి 20 కంపెనీలు ఉంటే, ఏదో ఒకటి కుప్పకూలినా నిధి నిలబడుతుంది. మొత్తం నిధిలో ఏ ఒక్క కంపెనీ 5 శాతం మించకుండా చూసుకుంటే, సత్యం వంటి పతనం సంభవించినా పోయేది నూటికి నాలుగు రూపాయలే. పరిమాణాన్ని బట్టి కూడా సమతూకం అవసరం. మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలను పెద్దవిగా, 101 నుంచి 250 వరకు మధ్య తరహావిగా, మిగిలినవాటిని చిన్నవిగా సెబీ 2017లో వర్గీకరించింది. పెరిగేటప్పుడు చిన్న కంపెనీలు ముందు పరుగెత్తినా, మార్కెట్ కుంగినప్పుడు వాటికి కొనేవారే కరవవుతారు. పదవీ విరమణ దగ్గరపడినవారు వాటి వంతు తగ్గించుకోవడం శ్రేయస్కరం.

సూచీ ఫండ్ల ప్రత్యామ్నాయం

వార్షిక నివేదికలు చదివే తీరిక, ఓపిక అందరికీ ఉండవు. అలాంటివారికి సూచీ ఫండ్లు అనువైనవి. సెన్సెక్స్ లేదా నిఫ్టీలోని కంపెనీలన్నింటినీ అదే పాళ్లలో కొని ఉంచే మ్యూచువల్ ఫండ్లు ఇవి. ఎవరి ఎంపికా అవసరం లేనందున వీటి నిర్వహణ ఖర్చు స్వల్పం. సూచీ నుంచి ఒక కంపెనీ తొలగిపోతే ఫండులోనూ తొలగిపోతుంది.

ఖర్చు విషయం చిన్నదిగా కనిపిస్తుంది గాని, కాలం గడిచేకొద్దీ అదే పెద్దదవుతుంది. రూ. 10 లక్షలపై ఏటా 11 శాతం రాబడి ఊహిస్తే 25 ఏళ్లకు సుమారు రూ. 1 కోటి 36 లక్షలు అవుతుంది. ఖర్చుల కింద ఏటా ఒక్క శాతం పోయి 10 శాతమే మిగిలితే రూ. 1 కోటి 8 లక్షలు అవుతుంది. ఆ ఒక్క శాతం ఖరీదు రూ. 27 లక్షలకు పైమాటే.

వడ్డీ పత్రాలూ నిశ్చింత కాదు

వాటాలు కాని వంతు అంతా భద్రమేనని భావించడం మరో పొరపాటు. 1964లో ప్రారంభమైన యూనిట్ ట్రస్టు వారి యూఎస్-64 పథకాన్ని పదవీ విరమణ చేసినవారు బ్యాంకు డిపాజిట్‌తో సమానంగా నమ్మారు. 2001 జూలైలో ఆరు నెలల పాటు దాని అమ్మకాలను, తిరిగి కొనుగోళ్లను నిలిపివేయడంతో లక్షలాది కుటుంబాలు దిగ్భ్రాంతి చెందాయి. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ అప్పులు చెల్లించలేక చేతులెత్తేసింది. అంతకు కొద్ది వారాల ముందు వరకు దాని రుణపత్రాలకు అత్యున్నత రేటింగు ఉండేది. పలు ప్రావిడెంట్ ఫండు ట్రస్టుల సొమ్ము అందులో చిక్కుకుంది.

మార్కెట్ రేటు కన్నా ఒకటి రెండు శాతం అధికంగా వడ్డీ చూపే ప్రతి పత్రం వెనుకా ఏదో ఒక రిస్కు దాగి ఉంటుంది. నిధిలో ఈ భాగం పని రాబడి తేవడం కన్నా, వాటాలు కుంగినప్పుడు నిలబడడం. కాబట్టి ప్రావిడెంట్ ఫండు, ప్రభుత్వ రుణపత్రాలు, తపాలా పథకాలు, పెద్ద బ్యాంకుల డిపాజిట్లు ఇందుకు తగినవి. 60 ఏళ్లు దాటినవారికి ఉద్దేశించిన సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకంలో గరిష్ఠ పరిమితిని 2023లో రూ. 30 లక్షలకు పెంచారు. 2025లో దానిపై వడ్డీ 8.2 శాతంగా ఉంది. బ్యాంకు డిపాజిట్లపై బీమా రక్షణ 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు రూ. 5 లక్షలు.

ఏటా ఒకసారి సరిదిద్దుకోవాలి

పాళ్లు ఒకసారి నిర్ణయించి వదిలేస్తే అవి నిలవవు. మార్కెట్టే వాటిని మార్చివేస్తుంది. ఉదాహరణకు, రూ. 10 లక్షల నిధిలో రూ. 6 లక్షలు వాటాల్లో, రూ. 4 లక్షలు డిపాజిట్లలో ఉన్నాయనుకుందాం. వాటాలు 50 శాతం పెరిగి రూ. 9 లక్షలు, డిపాజిట్లు 7 శాతం పెరిగి రూ. 4.28 లక్షలు అయ్యాయి. మొత్తం రూ. 13.28 లక్షలు. వాటాల వంతు 60 నుంచి దాదాపు 68 శాతానికి పెరిగింది. ఎవరూ కోరుకోకుండానే రిస్కు పెరిగిపోయింది.

ఇప్పుడు రూ. 1.03 లక్షల వాటాలు అమ్మి డిపాజిట్లకు మళ్లిస్తే తిరిగి 60:40 పాళ్లు వస్తాయి. తర్వాత వాటాలు 40 శాతం పడిపోయాయనుకుంటే, సరిదిద్దని నిధి రూ. 9.68 లక్షలకు తగ్గుతుంది. సరిదిద్దిన నిధి రూ. 10.09 లక్షల వద్ద నిలుస్తుంది. ఆ దశలో డిపాజిట్ల నుంచి రూ. 1.27 లక్షలు తీసి చౌకగా వాటాలు కొని, పాళ్లు మళ్లీ 60:40కి తెచ్చి, ఆపై ధరలు పాత స్థాయికి చేరితే, సరిదిద్దని నిధి రూ. 13.28 లక్షలే. సరిదిద్దిన నిధి రూ. 14.13 లక్షలు. పన్నులు, మధ్యకాలపు వడ్డీ ఇందులో కలపలేదు. మార్కెట్ ఎటు పోతుందో ఊహించకుండానే, పెరిగినప్పుడు అమ్మి తగ్గినప్పుడు కొనడం ఈ పద్ధతిలో జరిగిపోయింది.

అయితే మార్కెట్ ఆగకుండా పెరుగుతూ పోతే సరిదిద్దుకున్నవారు వెనుకబడతారు. పై ఉదాహరణలోనే వాటాలు పతనం కాకుండా మరో 50 శాతం పెరిగి ఉంటే, సరిదిద్దని నిధి రూ. 17.78 లక్షలు, సరిదిద్దినది రూ. 17.26 లక్షలు అయ్యేవి. ఆ రూ. 52 వేలు భద్రతకు చెల్లించిన ప్రీమియంగా భావించాలి.

ఏడాదికొకసారి ఒక నిర్ణీత తేదీన, లేదా వాటాల వంతు అనుకున్న దాని కన్నా 5 శాతం అటూ ఇటూ అయినప్పుడు సరిదిద్దుకుంటే చాలు. రోజూ ధరలు చూసి చేసే మార్పుల వల్ల దళారులకే ఆదాయం. ఉద్యోగంలో ఉన్నవారు అమ్మకుండానే, కొత్తగా పొదుపు చేసే సొమ్మును తగ్గిన వైపు మళ్లించి సరిదిద్దుకోవచ్చు. పన్ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2024 జూలై 23 నుంచి ఏడాదికి మించి ఉంచిన వాటాలపై వచ్చిన లాభం సంవత్సరానికి రూ. 1.25 లక్షలు దాటితే, దాటిన మొత్తంపై 12.5 శాతం పన్ను పడుతున్నది. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. జాతీయ పింఛను ఖాతా లోపల వాటాల నుంచి రుణపత్రాలకు మార్చుకుంటే ఈ పన్ను లేదు. అందువల్ల ఆ ఖాతా ఉన్నవారు ముందుగా అక్కడే సరిదిద్దుకోవడం లాభదాయకం.

పదవీ విరమణ తర్వాత

అసలైన పరీక్ష ఉద్యోగం ముగిసిన తర్వాత మొదలవుతుంది. అప్పటివరకు సొమ్ము వేస్తూ వచ్చిన వ్యక్తి ఇప్పుడు తీయడం ప్రారంభిస్తాడు. రూ. 50 లక్షలు పూర్తిగా వాటాల్లో ఉంచి, ఏటా మొదట్లో రూ. 3 లక్షలు ఖర్చులకు తీసే వ్యక్తిని తీసుకుందాం. మొదటి ఏడు 50 శాతం లాభం, రెండో ఏడు 20 శాతం లాభం, మూడో ఏడు 40 శాతం నష్టం వస్తే అతనికి మిగిలేది రూ. 46.80 లక్షలు. ఇవే అంకెలు తిరగబడి, మొదటి ఏడే 40 శాతం నష్టం వచ్చి, ఆపై 20, 50 శాతం లాభాలు వస్తే మిగిలేది రూ. 40.86 లక్షలు. సొమ్ము తీయనివారికి రెండు వరుసల్లోనూ ఒకే ఫలితం వస్తుంది. తీసేవారికి మాత్రం క్రమం మారితే దాదాపు రూ. 6 లక్షల తేడా. పడిపోయిన ధరకు వాటాలు అమ్ముకుని తినవలసి రావడమే దీనికి కారణం.

అదే వ్యక్తి మూడేళ్ల ఖర్చు రూ. 9 లక్షలు డిపాజిట్‌లో విడిగా ఉంచి, మిగిలిన రూ. 41 లక్షలను వాటాల్లో కదల్చకుండా ఉంచితే, మార్కెట్ ఏ క్రమంలో నడిచినా మూడేళ్ల చివర అతని వద్ద రూ. 44.28 లక్షలు ఉంటాయి. డిపాజిట్‌పై వచ్చే వడ్డీ దీనికి అదనం. వ్యాసం మొదట్లో చెప్పిన 2020 మార్చి నాటి ఉద్యోగికి కావలసింది ఇదే. ఆ ఏడాది నవంబరులో సెన్సెక్స్ జనవరి నాటి స్థాయిని దాటి కొత్త రికార్డు సృష్టించింది. ఎనిమిది నెలల ఖర్చులకు డిపాజిట్ ఉన్నవారికి ఆ పతనం ఒక చెడ్డ వార్తగా మిగిలింది. లేనివారికి తిరిగిరాని నష్టంగా పరిణమించింది. అన్ని పతనాలూ అంత త్వరగా సర్దుకోవు గనుక మూడు నుంచి ఐదేళ్ల ఖర్చులు విడిగా ఉంచడం వివేకం. మార్కెట్ బాగున్న ఏడాదిలో కొన్ని వాటాలు అమ్మి ఆ డిపాజిట్‌ను మళ్లీ నింపుకోవచ్చు.

ఇంటిలోని వారికీ తెలియాలి

చివరిగా ఒక సంగతి. నిధిని ఎంత జాగ్రత్తగా అమర్చినా, అది ఎక్కడెక్కడ ఉందో ఒక్కరికే తెలిస్తే ప్రయోజనం లేదు. డీమ్యాట్ ఖాతాకు, ఫండ్లకు, డిపాజిట్లకు నామినీ పేర్లు నమోదు చేయించి, ఆ వివరాలన్నీ ఒక పుస్తకంలో రాసి జీవిత భాగస్వామికి చూపించాలి. పాళ్లు ఎందుకు అలా నిర్ణయించుకున్నారో కూడా అందులో రెండు వాక్యాలు రాసి ఉంచడం మంచిది. మార్కెట్ కుప్పకూలిన రోజున, వాటాలన్నీ అమ్మేయమని చుట్టుపక్కలవారు తొందరపెట్టే వేళ, ప్రశాంతంగా ఉన్నప్పుడు రాసుకున్న ఆ రెండు వాక్యాలే ఆసరా అవుతాయి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు పెద్దలు. జీతం వస్తున్న రోజుల్లోనే పాళ్లు నిర్ణయించుకుని, ఏటా సరిదిద్దుకుంటూ, తొలి సంవత్సరాల ఖర్చులు విడిగా తీసిపెట్టుకున్న ఉద్యోగి, పదవీ విరమణ రోజున సెన్సెక్స్ ఎంత ఉందని ఎవరినీ అడగవలసిన పని ఉండదు.